ఊడని గుండీ

"కాచుకో బామ్మర్దీ," అంటూ బావ నల్లటి కోటు గుండీ అంచును బిళ్లతో నొక్కాడు. అది చివ్వున జారి, బంతిగా పెట్టుకున్న చొక్కా గుండీని గోల్లోకి నెట్టింది. "చూశావా నా కొత్త ఆటగాణ్ణి? గున్న ఏనుగు."

బల్ల మీద సుద్దగీతల మైదానం, గుండీలే ఆటగాళ్లుగా ఫుట్‌బాల్ ఆట. అటుపక్క బావమరిది, దర్జీ. పుట్టింటికి పరుగెత్తుకొచ్చిన అక్కను, "కాపురమన్నాక సర్దుకోవాలి" అని ఆ పూటే తిరిగి బావ ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె పెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది.

దర్జీ ఆ ఏనుగును తీసి తిరగేశాడు. రంధ్రాల్లో తాను వేసిన మెలిక కుట్టు, దానికి అంటుకున్న గుడ్డ పీలిక.

"ఎక్కడిది బావా?"

"మీ అక్క కోటుదే. ఊడిపడింది."

"నేను కుట్టింది ఊడదు. ఊడినా దారం తెగుతుంది, గుడ్డ రాదు. ఇది పీకింది." దర్జీ గొంతు పెంచలేదు. "అప్పుడు కోటులో అక్క ఉందా?"

"నోరు లేస్తే మెడ పట్టుకోనా మరి?" అని బావ నవ్వబోయాడు.

దర్జీ అతని జుట్టు పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టాడు. గుండీలన్నీ చెల్లాచెదురయ్యాయి. మళ్లీ కొట్టాడు. సుద్దగీతల మీద నెత్తురు పారింది. మూడోసారి అతని తల ఎత్తేసరికి అక్క వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అడ్డం రాకక్కా. వీణ్ణి నమ్మి నిన్ను..."

"వాణ్ణి కొడతావో మానతావో నీ ఇష్టం," అంటూ అక్క పెట్టె అందుకుంది. "నేను నోరారా ఎన్నిసార్లు చెప్పానురా? గుండీ చెబితే గాని నమ్మకం కుదరలేదా నీకు?"