పూత నిలిచిన ఏడాది

తాగడానికి నీళ్లు లేక ఊరు ఊరంతా నాలుక బయటపెట్టిన ఆ ఏడాది, రామదాసు రోజూ బిందెడు నీళ్లు ఇనుముకు తాగిస్తున్నాడు.

అనంతపురం శివారులో రేకుల షెడ్డు అతనిది. లోపల ఒక తొట్టి. తొట్టిలో ఫాస్ఫేటు కలిపిన నీళ్లు. అందులో ఇనుమును వేలాడదీసి కరెంటు పంపిస్తే దాని ఒంటికి బూడిదరంగు పూత పడుతుంది. పూత పడ్డ ఇనుముకు తుప్పు పట్టదు. పట్టిందంటే తుప్పు ఇనుముదే, తప్పు మాత్రం రామదాసుది.

"మామిడిచెట్లకే పూత లేదు, ఇనుముకు పూతంట," అని పక్కనే సైకిళ్లు బాగుచేసే నబీ సాబ్ నవ్వేవాడు. "వానే రాని ఊర్లో తుప్పుకు మందేందప్పా? గొడుగులంగడి పెట్టుకొనుంటే ఎండకైనా పనికొచ్చేది."

"వాన పడితే వజ్రకరూరులో వజ్రాలు ఏరుకుంటారు కదన్నా. నేను తుప్పు ఏరుకుంటా. పడనీలే."

పడలేదు. అందుకే బిందె.

హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు పెట్టిన షరతు అది. పూత వేసిన ఇనుప పలక ఒకటి, వేయనిది ఒకటి ఏడాదిపాటు ఆరుబయట ఉంచాలి. వాన రాకపోతే రోజూ నీళ్లు పోయాలి. ఏడాది తిరిగేసరికి పూత పలక మీద మచ్చ లేకపోతే సర్కారు బస్సుల ఇనుమంతా రామదాసు తొట్టిలో మునుగుతుంది. మచ్చ కనిపిస్తే షెడ్డే మునుగుతుంది. రామదాసు కదిరి పోయి మామగారి మండీలో, బామ్మర్దుల కళ్లముందు శెనక్కాయలు ఒలుచుకోవాలి.

"పాసయితే ఫాస్ఫేటు, లేదంటే నా ఫేటు," అనేవాడు రామదాసు.

పలకల కాపలాకు ఓబులమ్మను పెట్టుకున్నాడు. షెడ్డు వెనక గుడిసెలో ఆమె కాపురం, గుడిసె ముందు ఆమె పాడి ఎనుము. ఇనుము కనబడితే ఎత్తుకుపోయే రోజులు కనుక సాయంత్రం పలకల్ని గుడిసెలోకి చేర్చేది. పొద్దున ఎండెక్కాక బండమీద పెట్టి, రామదాసు చూస్తుండగా నీళ్లు పోసేది. ఆ పని కాగానే అతని చేతిలో ఆకు పెట్టి, పొద్దున్నే పోసి ఉంచిన దోసెలు రెండు పెట్టేది.

మొదటి నెలలోనే పూత లేని పలక ఎర్రమన్నయిపోయింది. అది మంచిదే. కానీ పూత పలక మూలన కూడా పుట్టుమచ్చంత తుప్పు తేలింది. ఆ రోజు దోసె తింటుంటే నమిలిన ప్రతి ముద్దా కదిరి శెనక్కాయలాగే తోచింది. ఎవరికీ చెప్పకుండా మచ్చమీద కండువా కప్పి, ఇంటికిపోయి పడుకున్నాడు.

రెండో నెలలో మచ్చ మాయమైంది.

అంతటితో ఆగలేదు. బూడిదరంగు పలక నల్లబడింది. నల్లబడి, కడిగిన దున్నపోతులా నిగనిగలాడింది. నీళ్లు పోస్తే బొట్లుబొట్లుగా జారిపోతున్నాయి తప్ప ఒక్కటీ అంటుకోవడంలేదు.

"పూత ముదురుతాంది నబీ అన్నా. మన ఎండకు కాలేకొద్దీ గట్టిపడతాంది. ఇది పుస్తకాల్లో లేని సంగతి."

నబీ సాబ్ కన్ను చికిలించాడు. "ఆ యమ్మ నీళ్లు ఇనుముకే పోస్తాందా, నువ్వు లేనప్పుడు ఎనుముకు తాపుతాందా? చూసుకున్నావా?"

రామదాసు మర్నాడు రానని చెప్పి, చప్పుడు లేకుండా వచ్చి షెడ్డు గోడ చాటున నక్కాడు. ఎండెక్కింది. ఓబులమ్మ పలకలు తెచ్చి పెట్టింది. బిందెడు నీళ్లూ ఇనుము మీదే పోసింది. ఎనుము పక్కనే నిలబడి గుటకలు మింగింది, అంతే. అనుమానపడ్డందుకు సిగ్గేసి రామదాసు ఆ రోజు మరో దోసె పెట్టించుకున్నాడు.

"ఈమధ్య దోసెలు చాటంతవి వస్తుండాయే ఓబులమ్మా. అంచు కూడా చిరగడం లేదు."

"అంతా మీ దయే సారూ."

ఏడాది తిరిగింది. జీపు వచ్చింది. ఆఫీసరు ముందు పూతలేని పలకను తట్టాడు. పొడి రాలింది. తర్వాత నల్లటి పలక మీద వేలు పెట్టాడు. వేలు జర్రున జారింది.

"వేడిగా ఉందేమయ్యా?"

"అనంతపురం ఎండ సార్."

ఆఫీసరు భూతద్దం పెట్టి మూలమూలా వెతికాడు. మచ్చలేదు. ఇలాంటి నిగారింపు ఇంతకుముందెక్కడా చూడలేదన్నాడు. ఓబులమ్మ పెట్టిన దోసెలు నాలుగు తిని, చెయ్యి కడుక్కుని, కాగితం మీద సంతకం పెట్టాడు. రామదాసు కళ్లు తుడుచుకున్నాడు. నబీ సాబ్ తన సైకిలు చక్రాలకూ ఒక పూత వెయ్యమన్నాడు.

"ఈ పలకను హైదరాబాదు తీసుకెళ్లి పెద్దలకు చూపించాలి," అన్నాడు ఆఫీసరు. డ్రైవరు దాన్ని ఎత్తి జీపులో పెట్టబోయాడు.

ఓబులమ్మ పరుగున వచ్చి, రెండు చేతులతో పలక అంచు పట్టుకుంది.

"దీన్ని ఎత్తుకుపోతే రేప్పొద్దున నేను దోసెలు దేని మీద పొయ్యల్ల సారూ?"