గొడుగు మర్చిపోయిన పూట

"గొడుగు బస్సులో వదిలేసిందీ మీరే, ఇప్పుడు నన్ను తప్పించుకు తిరిగేదీ మీరే."

నిద్రపోతున్న పాపను ఎత్తుకుని భార్య విసవిసా నడుస్తోంది. సాయంత్రమైనా ఎండ తగ్గలేదు. సందు మలుపు తిరగగానే భర్త ఆమె కుడిపక్క నుంచి ఎడమపక్కకి వచ్చేశాడు.

"తప్పించుకోవట్లేదు. చెప్పు, వింటున్నా."

"వినేవాళ్ళు ఒక పక్కన కుదురుగా నడుస్తారు."

ఇంకో మలుపు తిరిగాక అతను ఏకంగా ముందుకొచ్చి, ఆమెకు ఎదురుగా తిరిగి, వెనక్కి వెనక్కి నడవసాగాడు.

"నడిరోడ్డు మీద ఈ వేషాలేంటి? జరగండి."

అతను పక్కకి జరిగాడు. పాప మొహం మీద ఎండ భగ్గున పడింది. నిద్రలోనే కళ్ళు చిట్లించి, ఏడవడానికి పెదవి విరిచింది.

ఆమె పాపను చూసింది. పక్కకి తప్పుకున్న అతని పొడుగాటి నీడను చూసింది.

"మళ్ళీ ముందుకు రండి," అంది. "గుంటలొస్తే నేను చెప్తాలెండి."