డ్యూటీ దిగే చప్పుడు

యూనివర్సిటీ హాస్టల్లో ఏళ్ల తరబడి రాత్రి వాచ్‌మన్‌గా తిరిగిన బిక్షం, తార్నాక ఇంట్లో ఆఖరి దశ జబ్బుతో మంచం మీద కదలకుండా ఉన్నాడు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి నిద్రమందు ఎక్కించే పంపు పెట్టాక మూలుగు ఆగింది. ఇక తనను లేపొద్దని, తెలివి ఉన్నప్పుడే ఆయన కూతురు కృపారాణి దగ్గర మాట తీసుకున్నాడు.

"కొంచెం మందు తగ్గించక్కా. ఒక్క మాట మాట్లాడితే చాలు," అన్నాడు తమ్ముడు దిలీప్.

"నాయిన కంటే ముందు నొప్పి లేస్తది. మాటిచ్చిన. తగ్గియ్య."

అప్పుడే కింద వీధిలో కర్ర చప్పుడు మొదలైంది. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్. ఆయన గస్తీ తిరిగిన తీరే. అది మెట్లెక్కింది. ఆయన కర్ర మాత్రం మంచం పక్కన గోడకు ఆనించే ఉంది.

తలుపు దగ్గర ఆగి, గడప మీద రెండుసార్లు తట్టింది. డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఆయన అట్లనే తట్టేవాడు. ఎవరని అడగకుండా గొళ్లెం తీయడం ఆ ఇంటి అలవాటు.

మందు తగ్గించడానికి దిలీప్ చెయ్యి పంపు మీదికి పోయింది. "నాయిన లేస్తున్నడక్కా."

కృపారాణి ఆ చెయ్యి పక్కకు తీసింది. తండ్రి ఛాతీ నెమ్మదిగా లేచి దిగుతోంది. దుప్పటి సర్ది, వెళ్లి గొళ్లెం తీసింది.

ఎవరని అడగలేదు.