పునీతుడు పట్టిన కాళ్లు

"నేను నిప్పుల్లో దిగను" అన్నాడు రాయ్కో.

"నిన్ను అడిగిందెవరు?" అంది కెరాన అవ్వ. "పునీతుడు పట్టుకున్నాక దిగడం, మానడం నీ చేతిలో పనా?"

పునీతుడి పటాలు ఉంచే ఇంటి వాకిట్లో మొక్కు గొర్రె పులుసు గిన్నెల్లోకి పోస్తున్న ఆడవాళ్లు గరిటెలు ఆపి చెవులు ఇటు పెట్టారు. స్ట్రాంజా కొండల్లోని ఆ ఊళ్లో పునీత కొన్‌స్టాంటిన్ పండగనాడు, పొద్దుగూకే వేళకి, కణకణలాడే నిప్పుల మీద ఉత్త కాళ్లతో నడుస్తారు. అందరూ నడవరు, పునీతుడు పట్టినవాళ్లే నడుస్తారు. ఆయనకూ ఈమధ్య ఓపిక తగ్గినట్టుంది, కెరాన అవ్వ తర్వాత ఇంకెవరి జోలికీ పోలేదు. అవ్వ మోకాళ్లు ఇక లేవనంటున్నాయి.

"మొన్న రొట్టెల పొయ్యి దగ్గర చూశాగా" అంది అవ్వ. "నిప్పు కణిక తొక్కి, దాని మీదే నిలబడి గొర్రెల బేరం మాట్లాడావు. తోలు కాలిన వాసన నాకొచ్చింది, నీకు రాలేదు."

"రకియా తాగున్నానవ్వా."

"తాగినవాడు అందరికంటే ముందు అరుస్తాడ్రా. నా మొగుడితో కాపురం చేశాను, నాకు చెప్తావా?"

ఆడవాళ్లు నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది రాయ్కో భార్య దఫీన. పొద్దున ఆమే పులుసులో ఉప్పు వేసి, కాసేపటికి మళ్లీ వేసింది. మొగుడు పునీతుడి మనిషి అయ్యాడన్న సంబరంలో చెయ్యి కూడా చెప్పిన మాట వినట్లేదని పొద్దుటినుంచీ ఆటపట్టిస్తున్నారు.

రాయ్కోకి నవ్వు రాలేదు. తన కాళ్లను పట్టుకున్నదెవరో అతనికి తెలుసు. హెచ్.ఐ.వి. లారీ మీద దేశాలు తిరిగిన రోజుల్లో అంటుకుంది. చలికాలంలో బుర్గాస్ పట్నంలో డాక్టరు విడమరిచి చెప్పాడు. "ఏళ్ల తరబడి మందు లేకుండా ఒంట్లో ఉండిపోయింది. నరాలను తినేసింది. ముందు పాదాలు మొద్దుబారతాయి. కొందరిలో మెదడునూ వదలదు, మతిమరుపు మొదలవుతుంది. మందులు వాడితే ఇంకా ముదరకుండా ఆపొచ్చు. మీ ఆవిణ్ని వెంటనే తీసుకురండి, రక్తం చూడాలి."

'వెంటనే' అన్న మాట రాయ్కోకి స్పష్టంగానే వినపడింది. చెవుల్లో నరాలు బాగానే ఉన్నాయి. కానీ ముందు మంచు అడ్డమొచ్చింది, తర్వాత గొర్రెల ఈతలు, ఆ తర్వాత దఫీన చెల్లెలి పెళ్లి. మందుల సీసాను ఖాళీ తేనెపెట్టెలో దాచాడు. దఫీనకి తేనెటీగలంటే భయం.

ఇప్పుడు పునీతుడు కాదంటే, మరి ఎవరో చెప్పాలి. అన్ని గిన్నెల ముందు చెప్పాలి.

దఫీన మోచెయ్యి పట్టుకుని గోడ చాటుకి తీసుకెళ్లాడు.

"నీకొకటి చెప్పాలి."

"భయమేస్తోందా?"

"అది కాదు. నేను మంచివాణ్ని కాదు దఫీనా."

"పెళ్లైన వారానికే తెలిసింది. ఇంకేమన్నా కొత్త సంగతుందా?"

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అవతల మేకతోలు తిత్తి బూర రాగం అందుకుంది, డోలు మోగింది. 'రాయ్కో, రాయ్కో' అని జనం పిలుస్తున్నారు.

"ఇంటికెళ్లాక చెబుదువులే" అంది దఫీన. వంగి తన బూట్లు విప్పింది.

"నువ్వెందుకు విప్పుతున్నావు?"

"నువ్వు నిప్పుల్లో నడుస్తుంటే నేను బూట్లేసుకుని చూస్తూ నిలబడనా? కంగారుపడకు, గట్టునే ఉంటా. నిప్పంటే నాకు భయం."

కెరాన అవ్వ పునీతుడి పటాన్ని రాయ్కో చేతుల్లో పెట్టి వీపు మీద చిన్నగా ఒకటి చరిచింది. అతను దిగాడు.

ఏమీ తెలియలేదు. గొర్రెబొచ్చు మీద నడిచినట్టుంది. జనం ఊపిరి బిగబట్టారు. ముసలాళ్లు సిలువ గుర్తు వేసుకున్నారు. ఇంతమందిని ఒక్కసారిగా మోసం చేయడం ఇంత మెత్తగా ఉంటుందని అతను అనుకోలేదు. పటంలోంచి పునీతుడు సూటిగా చూస్తున్నాడు. రాయ్కో తల దించుకున్నాడు.

'నువ్వు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు' అనుకున్నాడు. 'ఇంటికెళ్లగానే అంతా చెప్పేస్తాను. తిట్టనీ, వెళ్లగొట్టనీ. ఆమెని మాత్రం వదిలెయ్.'

తిరిగి వచ్చేటప్పుడు అతని కాళ్లకు తగిలి నిప్పులు గట్టు మీదికి చెదిరాయి. ముందువరసలో వాళ్లు పాదాలు ఎత్తుకుంటూ వెనక్కి గెంతారు.

అతను బయటికొచ్చాడు. జనం పటాన్ని ముద్దుపెట్టుకోవడానికి ఎగబడ్డారు. దఫీన నిలబడ్డచోటే నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది. అతని బూట్లు అందించింది.

"ఏం తెలియలేదా? కాస్తయినా?"

"లేదు."

"సరే, పద ఇంటికి. ఏదో చెప్తానన్నావు."

ఈసారి చెప్పేయాలని గుండె చిక్కబట్టుకున్నాడు. అంతలో తోలు కాలిన వాసన వచ్చింది. మొన్న రాని వాసన ఇవాళ బాగా వచ్చింది. తన పాదాలు చూసుకున్నాడు. బూడిద తప్ప ఏమీ లేదు.

కెరాన అవ్వ అతని పాదాలు చూడట్లేదు. ఆమె చూపు దఫీన మడమ మీద ఉంది. దాని కిందనుంచి సన్నగా పొగ లేస్తోంది. దఫీన నవ్వుతూనే ఉంది.

అవ్వ సిలువ గుర్తు వేసుకుంది.

"ఎంత అదృష్టవంతుడివిరా రాయ్కో" అంది. "ఒకే ఇంట్లో ఇద్దర్నీ పట్టుకున్నాడు."