ఒక్కటే కాన్పు

"వద్దంటే వద్దు మా. నేను సూది ఏయించుకోను," అంది సరోజ, రవిక చేతిని కిందికి లాక్కుంటూ.

నంద్యాల ఆసుపత్రి వరండాలో నర్సు సూదితో నిలబడింది. "ధనుర్వాతం రాకుండా వేసేదమ్మా. నీకూ మంచిది, కడుపులో బిడ్డకూ మంచిది."

"ఎమర్జెన్సీలో గూడా మంచికే అని చెప్పి మొగోళ్లకు ఆపరేషన్లు చేసినారు. మా అత్తగారూరు శిరివెళ్లలో రాములమ్మకు ఈ సూది ఏస్తే జరమొచ్చి మంచం పట్టె."

పొద్దున్నే ఆళ్లగడ్డలో కూతుర్ని బస్సెక్కించి తీసుకొచ్చిన దానమ్మ బతిమాలింది. "చీమ కుట్టినట్టుంటాది, అంతే. ఏయించుకో బంగారూ."

"నువ్వు ఏయించుకుంటివా?"

దానమ్మ కొంగు సర్దుకుంది.

"చెప్పవేందీ? మిషన్ ఆసుపత్రి దొరసాని సూది తీస్తానే ఇంటికి పారొచ్చినా అని నువ్వే కదా చెప్తావు? సూదీ లేదు, మందూ లేదు, ఉక్కుముక్క అట్లాంటి బిడ్డను కన్నానని ఊరంతా చాటితివి కదా?"

నిజమే. దానమ్మకు అదొక్కటే కాన్పు. చర్చిలో ఎవరి బిడ్డకు బాప్తిస్మం జరిగినా ఆ గొప్ప చెప్పుకోకుండా ఇంటికి వచ్చేది కాదు. ఆమె ఆ మాట ఎత్తితే చాలు, మొగుడు దేవసహాయం లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

"ఆ పొద్దు దొరసాని గడ్డం పట్టుకోని అడిగింది," అంది దానమ్మ మెల్లగా. "మీ నాయన గూడా ఏయించుకోమనె. బయపడి నేనే ఇనకపోతి. ఆ పాపం నన్ను ఇప్పటికీ తింటాంది."

"పాపమేందీ మా?" సరోజ నవ్వేసింది. "సూది లేకుండా నువ్వు కన్నబిడ్డ రాయి మాదిరి నీ ముందరే కూచోనుంది కదా!"

నర్సు విసుక్కుంది. "ఇంకా చానామంది ఉండారు పెద్దమ్మా. ఎయ్యాల్నా, పోవాల్నా?"

"ఒక్క నిమిషం ఉండు తల్లీ."

దానమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ఈ నవ్వు ఇంక తన వైపు ఇట్లాగే తిరుగుతుందో లేదో. ఇన్నేళ్లూ తను చెప్పుకున్న గొప్పే ఈ రోజు పిల్లకు అడ్డం పడింది. ఇంకో దారి లేదు. సరోజ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"నేను కన్నబిడ్డ ధనుర్వాతంతోనే పాయె, సరోజా."