పంజా పట్టుకున్న చెయ్యి

ఎలుగుబంటి వేషం తొడిగాక రూడిగర్‌కి ఏమీ కనపడదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ఎలుగు కథని జర్మనీలోని హార్జ్ కొండల అడవిలో సినిమాగా తీస్తున్నారు. జిప్పు వీపున ఉంటుంది, పంజాలు వేషం చేతులకే కుట్టేసి ఉంటాయి. అందుకే షాట్ అయ్యాక సహాయకురాలు ఇమ్కే వచ్చి, పంజా పట్టుకుని గుడారం దాకా నడిపిస్తుంది.

ఆ రాత్రీ పంజా పట్టుకుని నడిపించసాగింది.

"నెమ్మదిగా ఇమ్కే, నేను ముసలి ఎలుగుని! వేర్లు కాళ్లకి తగులుతున్నాయి."

చెయ్యి ఆగకుండా లాగుతూనే ఉంది. జనరేటర్ మోత వెనకబడిపోయింది. ఎండాకుల మీద అతని అడుగులు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఇమ్కే అతనికన్నా పొడుగు. ఈ చెయ్యి మాత్రం కిందినుంచి లాగుతోంది, ఏడేళ్ల పిల్ల ఎత్తునుంచి. సినిమాలో పాప వేషం వేసే పిల్లని పొద్దుగూకక ముందే ఇంటికి పంపేశారు.

దూరంగా వెనకనుంచి ఇమ్కే గొంతు వినిపించింది.

"రూడిగర్! ఒక్కడివే ఎక్కడికయ్యా? కాఫీ తెస్తున్నా, ఆగు!"

గొంతు చించుకుని అరిచాడు. మందపాటి తోలులోంచి అది ఎలుగు అరుపులాగే బయటికొచ్చింది. వెనక అందరూ పకపకా నవ్వారు.

"చాల్లేవయ్యా, షాట్ ఎప్పుడో ఓకే అయింది!"

పట్టు బిగిసింది. రెండో పంజాని ఇంకో చిన్న చెయ్యి అందుకుంది.