తట్ట కింది అయస్కాంతం

మల్లప్ప కాలేజీకి పోగానే సుభద్రమ్మ అతని కిరాయి అర్రలోకి వెళ్లి, కిటికీలోని అయస్కాంతాన్ని తీసి పెరట్లో తట్ట కింద పెట్టింది.

పదమూడు రోజులుగా ఇదే పని. పొద్దుగూకే ముందు మళ్లీ కిటికీలో పెట్టేస్తుంది.

మల్లప్ప కిరాయికి దిగినప్పుడు కాలేజీలో పని అన్నాడు. ఇంట్లో అందరూ సారనే పిలిచారు.

రెండు వారాల కింద కిటికీలో రెండు సీసాలు పెట్టాడు. రెండింట్లోనూ ఒకటే ఎర్రరంగు మందు. ఒకదాని పక్కన మాత్రం అయస్కాంతం.

"గిదేంది సారు?" అని అప్పుడే అడిగింది సుభద్రమ్మ.

"ఎండ తగిలితే మందు లోపలి కణం రెండు తునకలైతదమ్మా. అవి మళ్ల అతుకవచ్చు, దేని తొవ్వన అది పోవచ్చు. దగ్గర్ల అయస్కాంతం ఉంటే ఆ లెక్క మారుతదని నా అనుమానం."

"గింత రాయా? దీనికి మా సూది గూడ లేస్తలేదు!"

"గందుకే ఎవరూ నమ్ముతలేరు. పదిహేను దినాలల్ల రెండు సీసాల రంగు వేరువేరుగ వెలిస్తే నా మాట వింటమన్నరు కాలేజోళ్లు. లేకుంటే మళ్ల ఆ మాటెత్తొద్దన్నరు."

మగ్గం గుంతలో కూర్చున్న ఆమె మొగుడు గండయ్య ఇదంతా విన్నాడు. ఆ వారం పడుగు పోగులు ఊరికే తెగుతున్నాయి.

"తునకల యవ్వారం ఇంట్ల వెట్టుకుంటే పోగులు తెగవా మరి? తీసి అవతల పెట్టు," అన్నాడు పెండ్లాంతో.

"సారు ఏమనుకుంటడో?"

"చెప్తెనే గద అనుకునేది!"

పదహారో రోజు మల్లప్ప సీసాలు రెండూ వెలుతురుకు ఎత్తి చూశాడు. ఒక్కతీరుగా వెలిశాయి.

"తేడా లేదమ్మా. నాదే తప్పు."

"ఇప్పుడెట్ల సారు?"

"మా ఊరు హాలియాకు సాగర్ కాలువ నీళ్లొచ్చినయట. మా అన్నతోని ఎవుసం జేస్త."

అయస్కాంతంతో సహా అన్నీ మూటగట్టుకుని బస్సెక్కాడు.

మరునాడు కూడా పోగులు తెగాయి. ఆ మరునాడు ఇంకా ఎక్కువ.

గండయ్య ఒక పోగును వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"పడుగుకు వెట్టే గంజి పలుచగ కాసినవే," అన్నాడు.

సుభద్రమ్మ కొంగు దోపుకుని కాలేజీకి నడిచింది. మందుసీసాల గదిలో లెక్చరర్ ఒక్కడే ఉన్నాడు.

"మల్లప్ప సారును వాపసు పిలువుండ్రి అయ్యా. ఆయన తప్పు లేదు. దినాం అయస్కాంతం నేనే తీసిపెట్టిన."

ఆయన బల్ల మీది పత్రికను ఆమె వైపు జరిపాడు, ఆమెకు చదువు రాదని తట్టక.

"బయటి దేశాల పెద్దోళ్లు ఇప్పుడు గీ సంగతే రాస్తున్నరు. నిన్ననే వచ్చింది. మూడేండ్ల కింద మల్లప్ప అడిగితే అందరం నవ్వినం."

"గంత సదువుకున్న సారు ఏ తరగతికి చెప్తుండె అయ్యా?"

"తరగతా?" లెక్చరర్ మూలనున్న తొట్టి వైపు చూశాడు. "ఇక్కడ మా సీసాలు కడుగుతుండెనమ్మా."